మన హాస్టల్ సర్వర్ – తాళం ఎవరి దగ్గర?



మన స్టడీ హాలు మూలన పాత బల్ల మీద ఒక కంప్యూటర్ డబ్బా ఉన్న సంగతి మీకందరికీ తెలుసు. దాన్ని "సర్వర్" అంటే కొందరు నవ్వుతారు. నవ్వనివ్వండి. మానిటర్ లేదు, కీబోర్డు లేదు. అయినా తెలుగు వికీపీడియానూ, పదో తరగతి పాత ప్రశ్నపత్రాలనూ, ఇంటర్ పాఠాల వీడియోలనూ హాలులోని ల్యాప్‌టాప్‌లకు నెట్ ఖర్చు లేకుండా రాత్రింబవళ్లు అందిస్తూనే ఉంది. చేతిలో ఫోను లేని పిల్లలకు అదే లైబ్రరీ, అదే ట్యూషన్. దాన్ని పెట్టింది ఈ హాస్టల్ అన్నం తిని బయటికి వెళ్లిన మేము ముగ్గురం. ఇప్పుడు హైదరాబాదులో ఒకరం, బెంగుళూరులో ఒకరం, గుంటూరులో ఒకరం ఉన్నాం.

పెట్టడం ఒక ఆదివారం పని. చూసుకోవడమే అసలు పని. డిస్కు నిండినా, ఏదో ఒక సర్వీసు ఆగినా, మాలో ఒకరం రాత్రి బస్సెక్కి చిలకలూరిపేటలో దిగి, తెల్లవారి ఆటో పట్టుకుని రావాలి. రెండు నిమిషాల పనికి ఒక రోజు జీతం పోతుంది. అది మా సంగతి. మార్చి నెలలో, పరీక్షల ముందు, మేము వచ్చేదాకా పిల్లలు ఖాళీ తెరల ముందు కూర్చోవడం అంతకన్నా పెద్ద సంగతి.

అందుకని దూరం నుంచే సర్వర్‌ను నడిపే ఏర్పాటు చేద్దామనుకున్నాం. కంట్రోల్ ప్యానెల్‌గా వెబ్‌మిన్ పెట్టాం. 1997లో జేమీ కామెరాన్ మొదటిసారి విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. బ్రౌజర్‌లో 10000 నంబరు పోర్టు దగ్గర తెరుచుకుంటుంది. డిస్కు ఎంత నిండిందో చూడొచ్చు, ఆగిన సర్వీసును తిరిగి నడిపించొచ్చు, కొత్త యూజర్‌ను చేర్చొచ్చు.

మన తమ్ముళ్లకు ఇది కొత్త విషయమేమీ కాదు. మిరప చేలో బోరు మోటారుకు సిమ్ కార్డు వేసిన మొబైల్ స్టార్టర్ చూడనివాడు మనలో ఎవడు? ఇంట్లో మంచం మీద నుంచి ఫోను కొడితే చేలో మోటారు లేస్తుంది. రాత్రి కరెంటు వచ్చినప్పుడు పాము భయంతో గట్ల వెంట నడిచే బాధ తప్పింది. అయితే ఆ స్టార్టర్‌లో నమోదు చేసిన నంబరు నుంచి వస్తేనే మోటారు తిరగాలి. ఊళ్లో ఎవరు ఫోను చేసినా తిరిగితే చేను చెరువవుతుంది.

మోటారుకు సిమ్ నంబరు ఉంది. మన డబ్బాకు మాత్రం నిలకడగా ఒక చిరునామా లేదు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పర్చూరు అంగుళం కదలకుండానే ప్రకాశం నుంచి బాపట్లకు, చిలకలూరిపేట గుంటూరు నుంచి పల్నాడుకు మారాయి కదా! నెట్ కనెక్షన్ ఐపీ అడ్రసు కూడా అలాగే చెప్పాపెట్టకుండా మారుతుంది. పైగా పాత పద్ధతి ఐపీ అడ్రసులు ప్రపంచం మొత్తానికి 429 కోట్లే. అవి చాలక కంపెనీలు ఒకే అడ్రసు వెనక ఎందరినో కూర్చోబెడతాయి. బయటి నుంచి వచ్చినవాడికి మన గుమ్మమే కనపడదు.

కనపడే అడ్రసు కొనుక్కుని, రూటర్‌లో 10000 పోర్టు తెరిచిపెట్టే దారి ఉంది. అది మాకు నచ్చలేదు. తెరిచిన పోర్టు ఎక్కడుందా అని ఇంటర్నెట్ అంతా తడుముతూ, రకరకాల పాస్‌వర్డులు ప్రయత్నించే ప్రోగ్రాములు పగలూ రాత్రీ తిరుగుతుంటాయి. కాబట్టి తలుపు లోపలి నుంచే తీయించాం.

దీనికి వాడింది ఎస్‌ఎస్‌హెచ్. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డుల దొంగతనం జరిగితే, అక్కడి తాతు ఇలోనెన్ అనే ఆయన రాసిన ప్రోగ్రాం అది. ఎఫ్‌టీపీకి 21, టెల్‌నెట్‌కు 23 ఉంటే మధ్యలో ఖాళీగా ఉన్న 22ను అడిగి తీసుకున్నారట. మన డబ్బా తానే బయటికి వెళ్లి, మేము నెలవారీ అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్‌ను పట్టుకుంటుంది. ఆ దారినే సొరంగంగా చేసుకుని మేము వెనక్కి వస్తాం. వెబ్‌మిన్ మాత్రం బయట ఎక్కడా కనపడదు. పాస్‌వర్డుతో ప్రవేశం లేనే లేదు, మనిషికో తాళంచెవి ఫైలు. ఒకరు వెళ్లిపోతే ఒక్క వరస చెరిపేస్తే చాలు, మిగతావాళ్ల తాళాలు మార్చక్కర్లేదు.

పని పూర్తయ్యేలోగా తొమ్మిదో తరగతి తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, మీరు అక్కణ్ణుంచి మేం ఏం చదువుతున్నామో చూస్తారా?"

"చూడాలనుకుంటే చూడొచ్చురా" అన్నాం. అబద్ధమెందుకు? ఆ ప్యానెల్ చేతికొస్తే డబ్బాలో ప్రతి ఫైలూ చేతికొచ్చినట్టే. రేకు పెట్టె తాళంచెవిని మొలతాడుకు కట్టుకుని పెరిగినవాళ్లం మనం. ఆ పెట్టెను ఇంకొకరు తెరిస్తే ఎలా ఉంటుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాడి ప్రశ్నతోనే ఏర్పాటు స్వరూపం తేలింది. సొరంగం ఎప్పుడూ తెరిచి ఉండదు. హాలులో ఒక ల్యాప్‌టాప్ మీద "తలుపు తీయి" అనే బొమ్మ పెట్టాం. పిల్లలు వార్డెన్ సారు ఫోను నుంచి మమ్మల్ని పిలిచి, ఆ బొమ్మ నొక్కితేనే మేము లోపలికి రాగలం. రెండు గంటలు కాగానే దానంతటదే మూసుకుంటుంది. ప్యానెల్‌లో ఎవరు ఏం మార్చారో వెబ్‌మిన్ తన చిట్టాలో రాసుకుంటుంది. నెలకోసారి దాన్ని నోటీసు బోర్డు మీద, మెస్ మెనూ పక్కన అంటిస్తున్నాం. మెనూ కన్నా దాన్నే ఎక్కువమంది చదువుతున్నారని విన్నాం, సంతోషం.

డబ్బా అసలు లేవకపోతే సొరంగమూ ఉండదు. అందుకే కరెంటు పోయి వచ్చినప్పుడు తానే లేచేలా బయోస్‌లో పెట్టాం. ఇక పత్తి పీచు, మిరప కల్లాల దుమ్ము ఫ్యానులో చేరితే దూరం నుంచి ఎవరూ ఏమీ చేయలేరు. దానికి బ్రష్షే దిక్కు.

ఇప్పుడు ఇద్దరు పదో తరగతి తమ్ముళ్లకు కూడా ప్యానెల్ తాళంచెవులు ఇచ్చాం. మొన్న డిస్కు నిండితే మాకు ఫోను రాకముందే వాళ్లే సరిచేశారు. నోటీసు బోర్డు మీద చిట్టా చూసేదాకా మాకు తెలియనే తెలియదు. పరీక్షలవగానే వాళ్లు వెళ్లిపోతారు, వాళ్ల వరసలు చెరిపి తొమ్మిదిలోంచి ఇద్దరిని ఎంచుకోవాలి. ఎంచుకునేది పిల్లలే. వార్షికోత్సవానికి వచ్చే అన్నలెవరి దగ్గరైనా పాత డెస్క్‌టాప్‌లోని డీడీఆర్3 ర్యామ్, 4 జీబీదైనా సరే, ఉంటే జేబులో వేసుకుని రండి. డబ్బాలో ఒక స్లాటు ఖాళీగా ఉంది.