ఎప్పుడూ హా అనే గవాహ్

మన ఇళ్లలో పిల్లలకు సాఫ్ట్‌వేర్ నౌకరీ దొరికితే దువా చేస్తాం, మిఠాయి పంచుతాం. అక్కడ వాళ్లు చేసే పని ఏమిటో మాత్రం పెద్దగా తెలుసుకోం. ఈ రంజాన్‌లో మా ఆపా కూతురు సెహ్రీ దస్తర్‌ఖాన్ దగ్గర కూడా ల్యాప్‌టాప్ వదల్లేదు. ఏం ఆఫత్ వచ్చింది బేటా అన్నాను.

"రాత్రి ఖరాబ్ బిల్డ్ కస్టమర్ల సర్వర్ మీదికి వెళ్లిపోయింది మామూ. మా పైప్‌లైన్ కోడ్ మీద రాసిన టెస్టులన్నీ పాసే!" అంది.

కోడ్‌ను గిట్ నుంచి తేవడం, బిల్డ్ చేయడం, పరీక్షించడం, బాగుంటే సర్వర్ మీద పెట్టడం, ఇదంతా వాళ్ల దగ్గర జెన్‌కిన్స్ చేస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్న హుకుం గ్రూవీ భాషలో రాసి ఉంటుంది. ఆ హుకుం కూడా కోడే. దానికీ ఇమ్తెహాన్ పెట్టాలి. అలాగని ప్రతిసారీ నిజం సర్వర్‌ను కదిలించలేరు. అందుకే గిట్, షెల్ కమాండ్, పాస్‌వర్డ్‌ల స్థానంలో నకిలీలను నిలబెడతారు. వాటినే మాక్‌లంటారు. సినిమాలో హీరో బదులు డూప్ దూకినట్టు. జెరార్డ్ మెస్జారోస్ 2007 నాటి తన పుస్తకంలో ఇలాంటివాటన్నిటినీ 'టెస్ట్ డబుల్' అన్నది కూడా స్టంట్ డబుల్‌ను చూసే. జెన్‌కిన్స్ కోసం 'జెన్‌కిన్స్ పైప్‌లైన్ యూనిట్' అనే లైబ్రరీ ఉంది. ఏ స్టెప్‌ను ఏ వరసలో పిలిచారో అది రాసిపెడుతుంది.

మరి గల్తీ ఎక్కడ? 'ఎస్‌హెచ్' అనే స్టెప్ షెల్ కమాండ్‌ను నడుపుతుంది. కమాండ్ ఫెయిలైతే మామూలుగా పైప్‌లైన్ అక్కడే ఆగుతుంది. 'రిటర్న్ స్టేటస్' అని అడిగితే మాత్రం ఆగదు, ఒక నంబర్ చేతికిస్తుంది. 0 అంటే ఖైరియత్, ఇంకేదైనా ఖరాబీ. వాళ్ల టీమ్‌లో ఎవరో ఆ నంబర్ అడిగారు, చూడటం మరిచారు. మాక్ ఎప్పుడూ 0 ఇచ్చేది గనక ఆ లోపం బయటపడలేదు.

పత్రికలో పనిచేసేవాడిని, నాకిది వెంటనే అర్థమైంది. ఏమడిగినా హా అనే గవాహ్ మాట మీద మేం ఖబర్ రాయం.

భాంజీ చేసిన ఇలాజ్ చిన్నది. అదే మాక్ చేత 1 ఇప్పించి, సర్వర్ మీద పెట్టే స్టెప్‌ను ఎవరూ పిలవలేదని రూఢి చేసే టెస్ట్ రాసింది. పాత కోడ్ మీద అది ఫెయిలైంది. సరిదిద్దాక పాసైంది. ఇంకో ఎహతియాత్ కూడా తీసుకుంది. మాక్ అంటే అసలుది ఇలా నడుస్తుందని మనం అనుకున్నది మాత్రమే. రేపు గిట్ మారినా, ప్లగిన్ మారినా దానికి తెలియదు. అందుకని రోజుకోసారి నిజం జెన్‌కిన్స్ మీద, కస్టమర్లతో తాల్లూక్ లేని సర్వర్‌కు, మొత్తం పైప్‌లైన్ నడిపిస్తున్నారు.

ఎవరెవరి రోజీరోటీయో ఆ సర్వర్ మీద నడుస్తుంటుంది. అది మన పిల్లల చేతిలో పెట్టిన అమానత్. అన్నీ పాస్ అని తసల్లీ పడే కొత్తవాళ్లను మా భాంజీ ఇప్పుడు ఒకటే సవాల్ అడుగుతుంది: ఈ టెస్ట్ ఫెయిలవడం నువ్వు ఒక్కసారైనా చూశావా?