పాటలో లేని ఊరు

సొంత రాష్ట్రం మీద మమకారాన్ని చాటే పాటల జాతకాలు విచిత్రంగా ఉంటాయి. జాన్ డెన్వర్ 1971లో పాడిన ‘టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్’ అంటే అమెరికాలోని వెస్ట్ వర్జీనియా వాళ్లకు ప్రాణం. 2014లో అది అక్కడి అధికారిక గీతాల్లో చేరింది. ఆ పాటకు బీజం వేసిన బిల్ డానఫ్ మాత్రం అప్పటికి ఆ రాష్ట్రాన్ని చూసి ఎరగడు.

మన ‘మా తెలుగు తల్లికి’ కూడా తక్కువ తినలేదు. శంకరంబాడి సుందరాచారి దాన్ని 1942 నాటి ‘దీనబంధు’ సినిమా కోసం రాశారు. సినిమాలో చోటు దక్కకపోయినా, టంగుటూరి సూర్యకుమారి గొంతులో గ్రామఫోను రికార్డుగా ఇంటింటికీ చేరింది. అప్పటికి తెలుగువాళ్లకంటూ ఒక రాష్ట్రమే లేదు. ఇల్లు కట్టకముందే గృహప్రవేశపు పాట సిద్ధమైందన్నమాట. పాడినావిడ ఆ తర్వాత లండన్‌లో స్థిరపడి, 2005లో అక్కడే కన్నుమూశారు.

ఛత్తీస్‌గఢ్‌లో, భిలాయిలోని ఖుర్సీపార్‌లో ఈ వైచిత్రి మరో మెట్టు ఎక్కుతుంది. సోవియట్ సాయంతో కట్టిన ఉక్కు కర్మాగారంలో 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. ఆ పనులకు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ల మనవలు ఇప్పుడిక్కడ ఉన్నారు. ‘మీదేవూరు?’ అని అడిగితే పలాసో పాలకొండో చెబుతారు, పుట్టింది భిలాయిలోనే అయినా. సంబరానికి ఆ ఊరు వెళ్తే అక్కడివాళ్లు ‘భిలాయోళ్లొచ్చారు’ అంటారు. ఇక్కడ ఆ ఊరివాళ్లు, అక్కడ ఈ ఊరివాళ్లు. రెండు చోట్లా చుట్టాలే.

పాటలూ వీళ్లతో ఇదే ఆట ఆడాయి. సుందరాచారి గీతంలో గోదావరి ఉంది, కృష్ణ ఉంది. వీళ్ల తాతలు ఈత నేర్చిన వంశధార, నాగావళి మాత్రం లేవు. ఛత్తీస్‌గఢ్ 2019లో రాష్ట్రగీతం చేసుకున్న ‘అర్పా పైరీ కే ధార్’ చూడండి. నరేంద్ర దేవ్ వర్మ రాసిన ఆ పూర్తి గీతంలో దుర్గ్ ఛత్తీస్‌గఢ్ తల్లి కాలి అందె. ఖుర్సీపార్ ఉన్నది ఆ దుర్గ్ జిల్లాలోనే. తాతలు పొట్టకూటికి వచ్చిన చోటు పాటలో నగైంది, వాళ్లు పుట్టిన నేల నదికి పాటలో చోటే దొరకలేదు. అయినా వంశధార ఏదని అలిగి తెలుగు పాటకు లేవకుండా కూర్చున్నవాడు లేడు. పాటలో తన ఊరు వెతుక్కోవడం పండితుల పని. మామూలు మనిషి పాట మొత్తాన్నీ తన ఊరిగానే వింటాడు.

కాలం కూడా హాస్యప్రియురాలే. ఆంధ్రప్రదేశ్ 1956లోనూ, ఛత్తీస్‌గఢ్ 2000లోనూ ఏర్పడినది నవంబరు ఒకటినే. సరిహద్దులు గీసేవాళ్లు సంవత్సరాలు మార్చారు గానీ తేదీ మార్చలేదు. 2014లో తెలుగు నేల రెండైంది. పాటలోని నదులు మాత్రం ఎవరి వాటాకూ పూర్తిగా రాలేదు.

అసలు మాట నదుల దగ్గరే ఉంది. ఛత్తీస్‌గఢ్ గీతంలో తల్లి పాదాలు కడిగే ఇంద్రావతి, ఆ పని ముగించుకుని గోదావరిలోనే కలుస్తుంది. ఆ పాటలోని నీరే తెలుగు పాటలోకి వస్తోంది. రెండు పాటలకూ లేచి నిలబడేవాణ్ణి ‘నీ రాష్ట్రం ఏది?’ అని నిలదీయడం దండగ.