ఎర్ర సిరా

మొన్న ఆదివారం మా అబ్బాయి ఇంట్లో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ పెట్టాడు. దాదాపు నాలుగు గంటల బొమ్మ. మా ఆవిడ రెండుసార్లు వంటింట్లోకి వెళ్ళి వచ్చి, “ఇంకా ఇసుకేనా? ఇంతవరకు ఒక్క ఆడమనిషీ నోరు విప్పలేదేమిటండీ?” అంది. నిజమే, ఆ చిత్రంలో ఆడవాళ్ళకు మాటల్లేవు. “అందుకే అంత ప్రశాంతంగా ఉంది” అనబోయి, రాత్రి భోజనం సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను.

అందులో ఒక ఘట్టం ఉంది. లారెన్స్ చేతిలో అగ్గిపుల్ల వెలుగుతూ ఉంటుంది. ఉఫ్‌మని ఊదుతాడు. మరుక్షణం తెర నిండా ఎర్రని ఎడారి అంచు, దాని మీద మెల్లగా సూర్యోదయం. మొదట ఒక దృశ్యం మరొక దానిలో కరిగిపోయేటట్టు చేద్దామనుకున్నారట. ఎడిటింగు గదిలో ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే అలాగే బాగుందనిపించింది. దర్శకుడు డేవిడ్ లీన్ అలాగే ఉంచాడు. కత్తెర అగ్గిపుల్లను సూర్యుడికి అతికించిందన్న మాట.

ఈ లీన్ 1908లో లండను దగ్గర క్రాయ్‌డన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు క్వేకర్లనే నిష్ఠాపరులైన క్రైస్తవ శాఖవారు. పిల్లవాడికి సినిమా నిషిద్ధం. వాళ్ళింటి పనిమనిషి చాప్లిన్ బొమ్మలు చూసి వచ్చి అభినయించి చూపేది. వాడికి అదే సినిమా. తమ్ముడు చదువులో దిట్ట, వీడు బళ్ళో మొద్దు. పైగా 1923లో తండ్రి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. తండ్రి పనిచేసే లెక్కల ఆఫీసులో కూర్చోబెడితే అక్కడా మనసు నిలవలేదు. 1927లో గామంట్ స్టూడియోలో చేరి టీలు అందించాడు, క్లాపు కొట్టాడు, చివరకు ఎడిటింగు గదిలో కుదురుకున్నాడు. ఏ ముక్క ఉంచాలో, ఏది తీసెయ్యాలో ఏళ్ళ తరబడి అక్కడే నేర్చాడు. 1942లో నోయెల్ కవర్డ్‌తో కలిసి తొలిసారి దర్శకత్వం చేశాడు. 1957 నాటి ‘బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’కి ఏడు ఆస్కార్లు, 1962 నాటి ‘లారెన్స్’కి మరో ఏడు.

అంతటివాడు 1970లో ‘రయాన్స్ డాటర్’ తీశాడు. దానికీ రెండు ఆస్కార్లు వచ్చాయి. కాని విమర్శకులు ఏకి పెట్టారు. న్యూయార్కులో ఒక హోటలుకు ఆయన్ని పిలిచి మరీ ముఖంమీదే కడిగేశారు. ఆ తరవాత పద్నాలుగేళ్ళ పాటు లీన్ చిత్రం ఒక్కటీ రాలేదు. నడుమ కొన్ని ప్రయత్నాలు చేసి విఫలమైన మాటా నిజమే. కాని ఆ రోజు విన్న మాటలకు తన మనసు విరిగిందని ఆయనే తరవాత చెప్పుకున్నాడు.

ఇక్కడే నా గుండెలో కలుక్కుమంది.

పన్నెండేళ్ళ కిందట మా కాలేజీ వార్షిక సంచికకు ఒక విద్యార్థిని కథ తెచ్చింది, అమ్మమ్మగారి ఇంటి గురించి. అప్పుడు నా చేతిలో కొత్త ఉద్యోగం, ఎర్ర సిరా రెండూ ఉన్నాయి. నాలుగు పేజీలూ అడ్డంగా కొట్టేసి, అడుగున “కథలు రాయడం నీ పని కాదు” అని రాసి ఇచ్చాను. “సరేనండీ” అని తీసుకు వెళ్ళింది.

ఈ మధ్య ఒక పెళ్ళిలో ఆ అమ్మాయి కనిపించింది. చంకన చంటివాడు. “ఏమమ్మా, ఏమైనా రాస్తున్నావా?” అన్నాను, పెద్దరికం కొద్దీ. “లేదు మాస్టారూ, నా పని కాదని మీరే చెప్పారుగా!” అని నవ్వింది. అందులో నిష్ఠూరమైనా లేదు. ఉంటే కాస్త బాగుండేది.

ఇంటికి వచ్చి ఎంత ఆలోచించినా ఆ కథలో ఏముందో గుర్తు రాలేదు. నేను గీసిన గీతలు మాత్రం గుర్తున్నాయి.

విమర్శ కూడదని కాదు. లీన్ 1984లో ‘ఎ పాసేజ్ టు ఇండియా’ తీసినప్పుడు అలెక్ గిన్నెస్ అనే తెల్లాయనకు రంగు పూసి గాడ్బోలే అనే బ్రాహ్మణ వేషం వేయించాడు. అది ఎబ్బెట్టుగా ఉందని నేనూ అంటాను. ఆ వేషం బాగులేదనడం వేరు, నీకు చిత్రాలు తీయడం రాదనడం వేరు. నేను ఆ పిల్లకు చేసింది రెండోది.

ఆ చిత్రం చాలా భాగం బెంగుళూరు ప్రాంతంలో తీశారు. విడుదలయ్యేనాటికి లీన్‌కు 76 ఏళ్ళు. ఎవరికీ అప్పగించకుండా కత్తెర తానే పట్టి కూర్పు చేశాడు. మొద్దబ్బాయికి అన్నం పెట్టిన కత్తెర గదా! అదే ఆయన ఆఖరి చిత్రం. మరొకటి తలపెట్టి, తీయకుండానే 1991లో కన్నుమూశాడు.

పెళ్ళిలో ఆ అమ్మాయిని, “ఆ కాగితాలు ఉంటే ఒకసారి పంపు తల్లీ” అని అడిగాను. “అమ్మ దగ్గర ఉన్నాయేమో, చూస్తానండీ” అంది. రెండు నెలలైంది. ఇంకా రాలేదు.

లీన్‌కు పద్నాలుగేళ్ళు పట్టింది. మా అమ్మాయికి ఇది పన్నెండో ఏడు. ఇంకా రెండేళ్ళు వ్యవధి ఉందని రోజూ టపా కోసం చూస్తున్నాను.