పర్షియా పిల్లికోసం పరేలు దాకా

బొంబాయిలో మూడు తరాలుగా ఉంటున్న మాబోటివారికి యాత్ర అంటే వేములవాడకో తిరుపతికో పోవడం, లేదా ఊళ్ళో ఎవరి పెళ్ళికైనా వెళ్ళి రావడం. కాని రెండు నెలల క్రిందట ఒక రెండవ శనివారంనాడు నేను చేసిన యాత్ర ఊరి పొలిమేరైనా దాటలేదు. ఉదయం వర్లీలో బయలుదేరి, క్రాఫర్డు మార్కెట్టు, డోంగ్రీ, పరేలు, దాదరు తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరాను. ఇంతా ఒక పిల్లికోసమంటే చదువరులు నవ్వవచ్చును. మన కుటుంబాలలో పిల్లలు ఈ పర్షియా పిల్లులను ఫోనులో చూసి మారాము చేయడం ఇప్పుడు ఇంటింటా ఉన్నదే గనుక, నవ్విన తరువాతనైనా నేను తెలుసుకొన్నది చదివితే మేలు.

ముందు మా ఇంట జరిగిన తప్పు చెప్పాలి. నిరుడు దసరా సెలవులలో మా చిన్నమ్మాయి పోరు పడలేక ఒక అంగడిలో పర్షియా పిల్లిపిల్లను కొన్నాను. అంగడి పేరుతో మనకు పనిలేదు. రెండు నెలల పిల్ల అన్నాడు, నమ్మాను. టీకాల కాగితం రేపు పంపుతానన్నాడు, తల ఊపాను. ఇంటికి తెచ్చి గిన్నెడు పాలు పోశాము. నాలుగవనాడు వాంతులు, విరేచనాలు పట్టుకొన్నవి. నెలాఖరు రోజులు. “తెల్లవారనీ, చూద్దాం” అన్నాను. తెల్లవారి వైద్యుని వద్దకు తీసుకొనిపోతే, సకాలంలో టీకా పడి ఉంటే తప్పిపోయే జబ్బే అన్నాడు. ఆరవనాడు పోయింది. మా అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ కష్టమైనది.

ఇట్లుండగా, ఆఫీసులో నా ప్రక్క బల్లవద్ద కూర్చునే మరాఠీ మిత్రుడు ఒకనాడు, “మా మోతీని మీరు పెంచుకొంటారా?” అని అడిగాడు. మోతీ ఐదేండ్ల తెల్లని పర్షియా పిల్లి. దానిని తెచ్చిన కొడుకు ఉద్యోగంమీద కెనడా వెళ్ళాడు. మిత్రుని భార్యకు వేళ్ళ కీళ్ళు పట్టుకొనిపోయి, దువ్వెన పట్టలేకపోతున్నది. “చూడడానికి రండి. వచ్చేటప్పుడు మీ దువ్వెన మీరే తెచ్చుకోండి” అన్నాడు. తమాషాకు అన్నాడనుకొన్నాను గాని, ఆ మాటలోనే సగం శాస్త్రమున్నదని తరువాత తెలిసింది. ఈసారి అడుగవలసినవన్నీ ముందే అడిగి తెలుసుకోవాలని నిశ్చయించుకొన్నాను.

దువ్వెనకోసం క్రాఫర్డు మార్కెట్టుకు వెళ్ళాను. దానికి మహాత్మా ఫూలే పేరు పెట్టి ఎన్నో ఏండ్లైనా మా నోట పాత పేరే మిగిలింది. 1869లో కట్టిన ఈ అంగడిసాల ద్వారాలపై ఉన్న రాతి చెక్కడాలు రచయిత రడ్యార్డు కిప్లింగు తండ్రి లాక్‌వుడ్ కిప్లింగు రూపకల్పన. చిన్నతనంలో మా బాపుతో వచ్చినప్పుడు పండ్ల అంగళ్ళు దాటి వెనుకకు పోతే చిలుకలు, కుందేళ్ళు, కుక్కపిల్లలు, పిల్లిపిల్లలు పంజరాలలో కనిపించేవి. అప్పుడు అది వేడుక. నేడు ఒక బిడ్డకు తండ్రినై తలచుకొంటే, తల్లిపాలు మరువని పిల్లలు ఎన్ని ఉండేవో గదా అనిపించింది. 2018లో కేంద్రప్రభుత్వం పెంపుడు జంతువుల అంగళ్ళకు నియమాలు చేసింది. రాష్ట్ర జంతుసంక్షేమ మండలివద్ద నమోదు కానిదే అంగడి నడపరాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లిపిల్లను అమ్మరాదు. ఈ రెండు ముక్కలు నిరుడు నాకు తెలిసి ఉంటే, ఆ అంగడి మెట్లు దిగి వచ్చి ఉండేవాడిని.

పండ్లు దగ్గరగా ఒక ప్రక్క, ఎడముగా ఒక ప్రక్క ఉన్న ఉక్కు దువ్వెన ఒకటి కొని సంచిలో వేసుకొన్నాను. పర్షియా, పర్షియా అని నోట నానుతున్నది గనుక, అక్కడినుండి డోంగ్రీలోని ఇరానీ మసీదు దాకా నడిచాను. 1860లో షీరాజు నుండి వచ్చిన ఒక వర్తకుడు కట్టించినది. గుమ్మటం లేదు, ముఖద్వారమంతా నీలిరంగు పెంకుల పనితనం, లోపల నీటికొలను. బొంబాయికి పర్షియా పరాయిది కాదు. మన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ను 1932లో నిర్మించిన అర్దేషిర్ ఇరానీగారే మరుసటి సంవత్సరం మొదటి పర్షియను టాకీని కూడా ఈ బొంబాయిలోనే తీశారు. టీ అమ్మే ఇరానీలు, రొట్టె కాల్చే ఇరానీలు సరేసరి.

మరి ఈ పిల్లి? పియత్రో దెల్లా వాల్లె అనే ఇటలీ యాత్రికుడు సుమారు 1620లో ఇస్ఫహాను నుండి వ్రాసిన లేఖలో, ఖొరాసాను సీమలోని పొడుగు బొచ్చు పిల్లులను మెచ్చుకొని, రోముకు తీసుకొనిపోవాలని తలచాడు. ఆయనే 1623లో మన దేశానికి వచ్చి సూరతు, గోవా చూసి, కర్ణాటకలోని ఇక్కేరికి, మంగళూరికి కూడా వెళ్ళాడు. ఇప్పుడు మనం చూసే చప్పిడి ముక్కు, గుండ్రని మొగము మాత్రం పర్షియాలో పుట్టినవి కావు. 1871లో లండను క్రిస్టల్ పాలెస్‌లో పెద్ద పిల్లుల ప్రదర్శన జరిగినప్పటినుండి ఇంగ్లండులో, తరువాత అమెరికాలో, పోటీలలో బహుమతులకోసం ఏరి ఏరి జతకట్టి తెచ్చిన రూపమిది. 2008లో ప్రకటించిన ఒక జన్యుపరిశోధనలో కూడా నేటి పర్షియా పిల్లుల రక్తసంబంధం పశ్చిమ ఐరోపా పిల్లులతోనే దగ్గరగా ఉన్నట్లు తేలింది. పేరు పర్షియాది, పెంపకం సీమది. మనిషి తన కంటి ముచ్చటకు చేసుకొన్న రూపం గనుకనే దాని బాధలకు కూడా మనిషే బాధ్యుడు. ఇది పరేలు వెళ్ళిన తరువాత నాకు బాగా అర్థమైనది.

పరేలులో బాయి సాకర్‌బాయి దిన్షా పెటిట్ పశువుల ఆసుపత్రి ఉన్నది. ప్రక్కనే 1886లో స్థాపించిన పశువైద్య కళాశాల. మిల్లులలో పనిచేసిన మన తాతలు ఎద్దుకు కాలు విరిగినా, గుర్రానికి జబ్బు చేసినా ఇక్కడికే తీసుకొనిపోతారని చెప్పుకొనేవారు. ఇప్పుడు వరుసలో ఎక్కువగా కుక్కలు, పిల్లులే. నా ప్రక్కన కూర్చున్న యువకుని ఒడిలో, తల, తోక తప్ప ఒళ్ళంతా గొరిగిన పర్షియా పిల్లి వణుకుతున్నది. మూడు వారాలు ఊరికి పోయాడట. పొరుగువారు తిండి పెట్టారు గాని దువ్వలేదు. చంకలలో, పొట్టక్రింద బొచ్చు జడలు కట్టి, క్రింద చర్మం పుండ్లు పడితే, మత్తిచ్చి గొరగవలసి వచ్చింది. “రోజుకు పావుగంట పని. ఇరవై రోజులు తప్పితే ఇదీ ఫలం” అన్నాడు. నా సంచిలోని దువ్వెనను ఒకసారి తడిమి చూసుకొన్నాను.

అక్కడ వైద్యులవద్ద తెలుసుకొన్నది మన ఇళ్ళకు పనికివచ్చే మేరకు చెబుతాను. ముక్కు ఎంత చప్పిడి అయితే ఊపిరి అంత కష్టం. నిద్రలో గురక పెడితే ముద్దు అనుకోరాదు. కన్నీటి నాళం వంకరపోయి కళ్ళవెంట నీరు కారుతుంటుంది. రోజూ తడిగుడ్డతో తుడవాలి. వేసవిలోనూ, మన బొంబాయి అక్టోబరు ఉక్కలోనూ మూసిన గదిలో విడిచిపెట్టరాదు. అంగళ్ళవారు పంచి మొగమంటూ ఎక్కువ ధర చెప్పేది ఈ చప్పిడి ముక్కుకే. ముక్కు కొంచెం బయటికి ఉన్న బొమ్మ మొగము పిల్లి ధర తక్కువైనా, ఊపిరి మేలు.

రెండవది మూత్రపిండాల జబ్బు. వాటిలో నీటితిత్తులు పుట్టి, ఏండ్లు గడిచేకొద్దీ పెరిగి ప్రాణం తీస్తవి. తల్లిదండ్రులలో ఒక్కదానికి ఉన్నా, పిల్లలలో సగానికి వచ్చే అవకాశమున్నది. ఒకప్పుడు పలుదేశాలలో జరిపిన పరీక్షలలో పర్షియా పిల్లులలో మూడవవంతుకు పైగా ఈ జబ్బు కనిపించింది. దీనికి కారణమైన జన్యుదోషాన్ని 2004లో కనిపెట్టారు, పరీక్ష ఉన్నది. ఏడాది నిండిన పిల్లికి అల్ట్రాసౌండు తీసినా తెలుస్తుంది. పిల్లను కొనేవారు తల్లిదండ్రుల పరీక్ష కాగితం అడగాలి. లేదంటే తిరిగి రావాలి.

మూడవది తిండి. ఇక్కడ మన శాకాహార కుటుంబాలవారు జాగ్రత్తగా వినాలి. పిల్లి మాంసం తిని బ్రతకవలసిన జీవం. మాంసంలో ఉండే టారిన్ అనే పదార్థం చాలకపోతే దాని చూపు పోతుంది, గుండె చెడుతుంది. పెరుగన్నంతో పిల్లిని పెంచలేము. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు అరగవు. ఉల్లి, వెల్లుల్లి దానికి విషం. ఇంట చేప, కోడిమాంసం ముట్టనివారు, పిల్లికోసం తెచ్చిన డబ్బా తిండి ఇంట్లో ఉండడానికైనా ఒప్పుకోవాలి. ఒప్పుకోలేనివారు మరొక జీవాన్ని పెంచుకోవడం ధర్మం. ఇంకొక సంగతి: మన జ్వరం బిళ్ళ, పారాసెటమాల్, పిల్లి ప్రాణం తీస్తుంది. నిరుడు ఆ రాత్రి మా అమ్మ సగం బిళ్ళ వేద్దామా అన్నది. నాకు వద్దనిపించింది గనుక సరిపోయింది. ఆ మాట వైద్యునితో చెబితే ఆయన ఒక్క క్షణం కలము ఆపి నా మొగము చూశాడు.

టీకాలు, నులిపురుగుల మందు, పిల్లలు పుట్టకుండా ఆపరేషను, ఇవి తప్పనివి. ఈ జాతికి తామర తొందరగా అంటుకొంటుంది. అది ఇంట్లో పిల్లలకు కూడా అంటుతుంది గనుక బొచ్చు గుండ్రంగా ఊడితే వెంటనే చూపాలి. గర్భిణి ఉన్న ఇంట ఇసుకతొట్టి మరొకరు శుభ్రం చేయాలి.

సాయంత్రం నాలుగింటికి దాదరులో మిత్రుని ఇల్లు చేరాను. మోతీ కిటికీలో కూర్చుండి, నన్ను చూసి, చూడనట్లే మొగము త్రిప్పుకొన్నది. ముక్కు మరీ చప్పిడి కాదు. మిత్రుడు టీకాల పుస్తకం, మూత్రపిండాలు బాగున్నవన్న పరీక్ష కాగితం నా ముందు పెట్టాడు. ఆయన భార్య నా దువ్వెన అందుకొని రెండుసార్లు దువ్వి, వేళ్ళు నొప్పెట్టి ఆపి, నా చేతికి ఇచ్చింది. “పొట్టవద్ద బలవంతం చేయకండి. మాట్లాడుతూ దువ్వండి. మాట ఆగితే అది లేచిపోతుంది” అన్నది. అంతవరకు ఈ పిల్లిని వదిలించుకొంటున్నారేమో అనే అనుమానం నాలో ఒక మూల ఉండేది. ఆమె వేళ్ళు చూసిన తరువాత అది పోయింది.

వెంటనే తెచ్చుకోలేదు. నాలుగు ఆదివారాలు మా అమ్మాయిని దాదరు పంపి, ఆమెచేతనే దువ్వించాము. నాలుగవ ఆదివారంనాటికి కూడా విసుగు పుట్టలేదు. “ఇంకెన్ని వారాలు బాపూ?” అన్నది. అప్పుడు తెచ్చాము. మొదటి మూడు రోజులు బియ్యం డబ్బా వెనుక దాగింది. పిలువవద్దు, లాగవద్దు అని మాకు ముందే చెప్పి ఉన్నారు. నాలుగవనాటి రాత్రి అదే వచ్చి మా అమ్మ పడక ప్రక్కన కూర్చున్నది. మా అమ్మకు ఆనాడు శనివారం, ఒక్కపొద్దు. “గింత బొచ్చేందిరా దీనికి! ఎలుకలనన్న పడుతదా?” అన్నది. ఎలుకల సంగతి నేనేమీ హామీ ఇవ్వలేదు.

పర్షియా పిల్లిని తెచ్చుకోదలచినవారు ధర అడిగేముందు తమను తాము అడుగవలసినవి ఇవి. పన్నెండు, పదిహేనేండ్లు రోజుకు పావుగంట దువ్వే చేయి మన ఇంట ఎవరిది? ఊరికి పోతే ఆ చేయి ఎవరిది? నెలాఖరున జబ్బు చేస్తే, తెల్లవారనీ అనకుండా వైద్యునివద్దకు పోగలమా? సమాధానాలు దొరికితే, అంగడికి పోవడానికి ముందు, ఇల్లు వెదుకుకొంటున్న పెద్ద పిల్లి ఎక్కడైనా ఉన్నదేమో విచారించండి. దాని గుణం, ఆరోగ్యం కళ్ళతో చూసి తెచ్చుకోవచ్చును.

మన పెద్దలు మార్జాలకిశోర న్యాయమని చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే కరచుకొంటుంది; పిల్లిపిల్ల ఏమీ చేయదు, తల్లే నోట కరచుకొని మోస్తుంది. ఈ బొచ్చు పిల్లి పెద్దదైనా పిల్లే. తన జుట్టు తాను చక్కబెట్టుకోలేదు, తన కళ్ళు తాను తుడుచుకోలేదు. మనిషి దానిని అట్లా చేశాడు. ఇంటికి తెచ్చుకొన్నవారు చివరిదాకా మోయాలి.

ఇది వ్రాస్తుండగా ప్రక్క గదిలో మా అమ్మాయి దువ్వుతూ మోతీతో బడి కబుర్లన్నీ చెబుతున్నది. నిరుటినుండి ఆమె ఇంట్లో ఇంతసేపు మాట్లాడగా వినడం నాకు ఇదే మొదటిసారి.