ఆరాంఘర్‌లో మా ఓమ్నీకి రెండు మీటర్లు

ఆరాంఘర్ అంటే విశ్రాంతి ఇల్లు. పేరుకే అది. ఈ చౌరస్తాలో ఆరాంగా ఉన్న మనిషిని నేనింతవరకు చూళ్లేదు. మెహదీపట్నం నుంచి 11.6 కిలోమీటర్లు గాల్లో వచ్చిన పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఇక్కడే నేల మీదికి దిగుతుంది. 2025 జనవరిలో మొదలైన జూపార్క్ ఫ్లైఓవర్ కూడా ఇక్కడికే వస్తుంది. కింద కర్నూలు, మహబూబ్‌నగర్ బస్సుల కోసం బ్యాగులతో జనం. పక్కనే ఫ్లైట్ టైమైపోతోందని హారన్ కొట్టే క్యాబులు.

పాత బండి ఇంజిన్‌కి ఇంతకంటే మంచి పరీక్ష సెంటర్ ఉండదు. చౌరస్తాలో ఫస్ట్ గేర్‌లో పాకాలి. అది దాటగానే 44వ నంబర్ హైవే మీద గగన్‌పహాడ్, సాతంరాయి మీదుగా శంషాబాద్ దాకా పరిగెత్తాలి. మా అమ్మ క్యాటరింగ్ గిన్నెలు మోసే మారుతి ఓమ్నీ వారానికి నాలుగుసార్లు ఈ పరీక్ష రాస్తుంది. శంషాబాద్ వైపు ఫంక్షన్ హాళ్లే మా గిరాకీ.

ఓమ్నీ తెలుసుగా? పాత సినిమాల్లో హీరోయిన్‌ని ఎత్తుకెళ్లే వ్యాన్. 1984లో వచ్చింది, 2019లో తయారీ ఆగిపోయింది. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది కాబట్టి దాని వేడి మనకి నేరుగా తెలుస్తుంది. కానీ లోపల ఆయిల్ పరిస్థితి ఏంటో తెలియదు. డ్యాష్‌బోర్డులో దానికున్నది ఒక్క ఎర్ర లైటు.

ఆ లైటుతోనే చిక్కు. చాలా బండ్లలో ప్రెషర్ దాదాపు 5 పీఎస్ఐకి పడిపోతేగానీ అది వెలగదు. హైవే స్పీడులో అప్పటికి బేరింగులు ఎండిపోతుంటాయి. చౌరస్తా దగ్గర మా బండి చూసే ఉస్తాద్ ఒక్క ముక్కలో చెప్పాడు: "గా లైటు ఎలిగిందంటే అప్పటికే అయిపోయినట్టు తమ్మీ. ముల్లుంటే ముందే జెప్తది."

అందుకే రెండు మీటర్లు పెట్టించాం. ఒకటి ఆయిల్ ప్రెషర్‌కి, ఒకటి ఆయిల్ వేడికి. ప్రెషర్ మీటర్లలో రెండు రకాలు. మెకానికల్ దాంట్లో సన్నటి పైపులో ఆయిలే క్యాబిన్‌లోకి వస్తుంది. పైపు పగిలితే కాళ్ల మీద కాగిన నూనె. ఎలక్ట్రిక్ దాంట్లో లోపలికి వచ్చేది వైరు మాత్రమే. మేం రెండోదే తీసుకున్నాం.

ఆయిల్ ఫిల్టర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఒక శాండ్‌విచ్ ప్లేటు బిగించి, దానికే రెండు సెన్సర్లూ పెట్టాడు ఉస్తాద్. పాత ఎర్ర లైటు స్విచ్‌ని ముట్టుకోలేదు. రాత్రి ముల్లు చూడకపోయినా లైటు కనబడుతుంది, అది ఉండాల్సిందే. థ్రెడ్ విషయంలో మాత్రం చాలాసేపు చూశాడు. జపాన్ డిజైన్ ఇంజిన్లలో బీఎస్‌పీటీ థ్రెడ్ ఎక్కువ, బజార్లో దొరికే ప్లేట్లలో ఎన్‌పీటీ ఎక్కువ. అంగుళానికి ఒకదాంట్లో 28 మరలు, ఇంకోదాంట్లో 27. చేత్తో తిప్పితే రెండూ ఎక్కినట్టే ఉంటాయి, తర్వాత కారుతాయి. టెఫ్లాన్ టేపు కూడా ఎడాపెడా చుట్టకూడదు. సింగిల్ వైరు సెన్సర్‌కి ఎర్త్ ఆ థ్రెడ్ నుంచే అందాలి. అది తెగితే మీటరు అబద్ధం చెబుతుంది.

పెట్టాక మొదటి వారం పాఠాలు చదివినట్టు చదివాను. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌కి ప్రెషర్ 60 దాటింది. హైవేలో వేడి 95 డిగ్రీలు, ప్రెషర్ 45. చౌరస్తా జామ్‌లో ఐడిల్ మీద 14. మొదట గుండె గుభేలుమంది. ఆయిల్ వేడెక్కితే పల్చబడుతుంది, ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే పంపు కూడా నెమ్మదిస్తుంది, కాబట్టి అది మామూలే. అదే ఇంజిన్ చల్లగా ఉన్నా ప్రెషర్ లేకపోతే భయపడాలి. ఒక ముల్లు చూస్తే సగమే తెలుస్తుంది, రెండూ కలిపి చూడాలి.

పెళ్లిళ్ల సీజన్‌లో ఒకరోజు వెనకాల రెండొందల మంది భోజనం. గగన్‌పహాడ్ దగ్గర ముందు లారీ ఆగితే బ్రేకేశా. 45 మీదున్న ముల్లు టక్కున 20కి పడి మళ్లీ లేచింది. ఇంకో బ్రేకుకీ అంతే. ఎర్ర లైటు మాత్రం వెలగలేదు. పక్కకి ఆపి డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ కింది గీతకి ఇంకా కిందే ఉంది. బ్రేకు పడినప్పుడల్లా ఉన్న కాస్త ఆయిలూ ముందుకి పోయి, పంపుకి గాలి తగులుతోందన్నమాట. సీటు వెనకున్న డబ్బాలోంచి లీటరు పోస్తే ముల్లు నిలబడింది. హాల్లో సాంబారు వేడిగానే దిగింది.

ఆ మర్నాడు ఉస్తాద్ చూస్తే వాల్వ్ కవర్ గాస్కెట్ చెమర్చుతోంది. చిన్న పని. అది తెలియకుండా ఇంకో నెల తిరిగి ఉంటే ఇంజిన్ పట్టేసేది, ఆ సీజన్ సంపాదన మొత్తం దాని బోరు పనికే పోయేది.

బండి 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఆర్టీఏ వాళ్లు చూస్తారు. అదీ ఐదేళ్లకోసారి. మధ్యలో చూసుకోవాల్సింది మనమే. మా అమ్మకి పీఎస్ఐ అంటే తెలియదు. కానీ ఇప్పుడు గిన్నెలు ఎక్కించేముందు ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అడుగుతుంది: "ముల్లు ఎంత మీదుందిరా?"