నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్

ఆఫీసులో ఆన్‌లైన్ ట్రైనింగులు మనం ఎలా పూర్తి చేస్తామో తెలిసిందేగా :) డాక్టర్లూ అంతేనేమో అనుకునేవాణ్ణి.

కిందటేడు నాదెండ్లలో, మిరపచేలో మా బాబాయిని పాము కరిచింది. డాక్టరుగారు కొంచెం రక్తం గాజుగొట్టంలో తీసి, కదపకుండా పక్కన పెట్టారు. ఇంజెక్షన్ వెయ్యకుండా ఆ గొట్టం వంక చూస్తారేంటండీ అని అరిచాను.

"20 నిమిషాలాగు బాబూ, రక్తపింజర విషమెక్కితే గడ్డకట్టదు."

కట్టలేదు. వెంటనే విరుగుడు ఎక్కించారు.

ఇది 2009 నాటి జాతీయ పాముకాటు ప్రోటోకాల్‌లో ఉన్నదేనట. విరుగుడుకి ముందు టెస్ట్ డోస్ అక్కర్లేదని కూడా ఆయనకి ఫోన్లో కోర్సు చూశాకే తెలిసిందట. 2002 నిబంధనలు అడిగేది ఐదేళ్ళకి 30 గంటల శిక్షణ. గంటలే! ఆయన మనలాగే నెక్స్ట్ నొక్కేసినా గంటలు నిండేవి.

బాబాయి మళ్ళీ చేలోకి వెళ్తున్నాడు, బూట్లు కొనిచ్చినా వేసుకోడు.