వంటింట్లో పాడిన పాట

కచేరీ చెయ్యని పాటగాణ్ణి మనవాళ్ళు పాటగాడి కింద జమకట్టరు. "ఎక్కడ పాడావు? ఎవరు మెచ్చారు?" అని ముందు అడుగుతారు. కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు మాత్రం, ఆ రెండు ప్రశ్నలకూ జవాబు లేని ఒక అమెరికా వనిత మీద ఈమధ్య ఎక్కడలేని అభిమానం పుట్టింది. ఆమె పేరు కాన్నీ కన్వర్స్.

1924లో న్యూహాంప్‌షైరు రాష్ట్రంలో పుట్టింది. కాలేజీ చదువు మధ్యలో మానేసి న్యూయార్కు చేరింది. పగలు అచ్చాఫీసులో ఉద్యోగం. తీరిక వేళ గిటారు పుచ్చుకుని సొంతంగా పాటలు కట్టుకోవడం. వాటిని తన గదిలోనే పాడి, టేపు రికార్డరు మీద పట్టి, తమ్ముడు ఫిలిప్‌కు పంపేది.

1954లో జీన్ డైచ్ అనే ఆయన ఆమెను తన ఇంటికి పిలిచి, వంటింట్లో కూర్చోబెట్టి పాడించి టేపు చేశాడు. తరవాత 1960 దశకం మొదట్లో, మన పిల్లలు పడిపడి నవ్వే 'టామ్ అండ్ జెర్రీ' బొమ్మల సినిమాలు కొన్ని తీసినది ఈయనే. ఆ 1954లోనే ఆమె సీబీఎస్ టెలివిజనులో ఒక ఉదయం పాడింది కూడా. అంతే! రికార్డులు వేసే కంపెనీ ఒక్కటీ ముందుకు రాలేదు. 1961లో న్యూయార్కు విడిచి, తమ్ముడున్న ఆన్ ఆర్బరుకు వెళ్ళి, కొన్నాళ్ళకు ఒక పరిశోధన పత్రిక పనిలో కుదురుకుంది. 1974లో, యాభయ్యో ఏట, అయినవాళ్ళకు ఉత్తరాలు రాసి, కారులో సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆమె జాడ తెలియలేదు.

ముప్ఫయ్యేళ్ళు గడిచాయి. 2004లో, ముసలివాడైన డైచ్ న్యూయార్కు రేడియోలో ఆమె పాట ఒకటి వినిపించాడు. అది విన్న ఒక కుర్రవాడు స్నేహితుణ్ణి కలుపుకుని, డైచ్ దగ్గర ఉన్న టేపులూ, తమ్ముడు భద్రంగా దాచిన టేపులూ సంపాదించాడు. 2009లో పదిహేడు పాటలు లోకానికి వచ్చాయి. 2023లో హోవర్డు ఫిష్‌మన్ ఆమె జీవితచరిత్రే రాశాడు.

మన దంపుళ్ళ పాటకు టేపుతో పని లేకపోయింది. నలుగురు ఆడవాళ్ళు రోకలి పట్టుకుంటే పాట దానంతట అదే నోటినుంచి నోటికి నడిచేది. రోకళ్ళు పోయాక కదా మనకు దిగులు పట్టుకున్నది! కాన్నీ పాటలకు కూడా జానపదుల సాదా నడకే గాని, అవి ఊరుమ్మడివి కావు. ఒంటరి మనిషి తనలో తాను చెప్పుకున్న మాటలు. వాటికి నలుగురు లేరు. టేపు ఉంది, దాన్ని పారెయ్యని తమ్ముడున్నాడు.

"ఆలస్యంగానైనా న్యాయం జరిగిందిగా!" అన్నారు మా సహోద్యోగి ఒకరు. ఎవరికి జరిగింది? మనకు జరిగింది. పాటలు మనకు దక్కాయి. తన పాట దేశదేశాల వాళ్ళు వింటారని మాత్రం, ఆ ఉత్తరాలు రాసిననాటికి ఆమెకు తెలియదు.

ఈ రోజుల్లో సెల్‌ఫోను ఉన్న ప్రతి ఇల్లూ రికార్డింగు థియేటరే. మా విద్యార్థుల్లో గది తలుపులు మూసుకుని, సొంత పాట పాడి పట్టుకునేవారు లేకపోలేదు. యంత్రం చవకైంది, వినే తీరిక ప్రియమైంది. మీ ఇంట్లో ఏ మూలనో అలాంటి కూనిరాగం వినబడితే, "చదువు మానేసి ఇదేమిటి?" అనే ముందు ఒకసారి కూర్చుని పూర్తిగా వినండి. బాగుందో లేదో తరవాత చెప్పవచ్చు.